చిన్న ట్రాక్టర్‌కు తక్కువ ఖర్చులో రేక్ ఎంచుకోవడం: ఉద్దానం జీడితోట నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

జీడిపిక్క రాలడం మొదలయ్యేలోపు తోట అడుగు శుభ్రం కావాలి. మార్చిలో తొలి పిక్క పడేనాటికి చెట్టు కింద ఆకు మడమ లోతున ఉంటే, పడినదాంట్లో కొంత మన కంటికే కనబడదు. ఏరేవాళ్ళు కర్రతో ఆకు కదుపుకుంటూ ఏరాలి, కూలి రోజులు పెరుగుతాయి, ఆకు కింద తేమలో ఉండిపోయిన పిక్క నల్లబడుతుంది. 80 కిలోల బస్తా లెక్కన అమ్ముకునే మనకు ఆ దొరకని పిక్కలు చిన్న నష్టం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల ఈ పని చాలాకాలం చీపుళ్ళతో, చేతి పళ్ళపారలతోనే జరిగింది. ఇప్పుడు పనికి మనుషులు దొరకడం కష్టమైంది. తోటల్లో తిరగగలిగే చిన్న ట్రాక్టర్లు వచ్చాయి. దాంతో ఆకు, పుల్లలు పోగుచేయడానికి ట్రాక్టర్ వెనక తగిలించే రేక్ గురించి నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

నేను ఇప్పటికి రెండు రేక్‌లు కొన్నాను. మొదటిది రెండు సీజన్లు కూడా నిలవలేదు. రెండోది ఇంకా పనిచేస్తోంది. ఈ రెండింటి మధ్య నేర్చుకున్నది ముందే చెప్పేస్తాను. డబ్బు ఆదా చేయాలంటే వెడల్పులో, రంగులో, అదనపు హంగుల్లో చేయండి. పళ్ళ ఉక్కులో, పళ్ళు బిగించిన తీరులో, ట్రాక్టర్‌కు తగిలించే చోట మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించుకోకండి. అది ఎందుకో, కొనేముందు ఏ కొలతలు తీయాలో ఒక్కో అడుగుగా రాస్తున్నాను.

ఇంతకీ ఇదేం పనిముట్టు

ల్యాండ్‌స్కేప్ రేక్ అంటే అడ్డంగా ఒక బలమైన బీమ్, దాని కింద వరుసగా వంపు తిరిగిన ఉక్కు పళ్ళు. మా పనివాళ్ళు ‘పళ్ళ దంతె’ అంటారు, ఆ పేరే బాగుంది. ట్రాక్టర్ వెనక మూడు లింకులకు తగులుతుంది: కింద రెండు, పైన ఒకటి, ఆ పైదే టాప్ లింక్. ఇంజిన్ శక్తితో పనిముట్టును తిప్పే పీటీఓ షాఫ్టుతో పనిలేదు. అందుకే 15 హెచ్‌పీ ట్రాక్టర్ కూడా దీన్ని సులువుగా లాగుతుంది. పళ్ళ సందుల్లోంచి మట్టి జారిపోతుంది, ఆకు, పుల్ల, రాయి, గడ్డివేరు ముందుకు పోగవుతాయి.

ఆన్‌లైన్‌లో ‘రేక్’ అని వెతికితే హే రేక్‌లు కూడా కనిపిస్తాయి. అవి గడ్డిని, వరిగడ్డిని వరుసలుగా చేర్చేవి, సన్నని కమ్మీ పళ్ళుంటాయి. రాయి తగిలితే వంగిపోతాయి. ధర చూసి అదే అనుకుని ఆర్డర్ పెట్టకండి. పళ్ళు పట్టీలాగా, కనీసం అంగుళం వెడల్పుతో ఉన్నాయో లేదో ఫొటోలోనే చూసుకోవచ్చు.

మొదటి అడుగు: మీకు ఏ పని కావాలో తేల్చుకోండి

ఆకు తీయడానికి ఒకలాంటి రేక్ సరిపోతుంది, రాళ్ళు ఏరడానికి మరోలాంటిది కావాలి. ఉద్దానం ఇసుక నేలల్లో ప్రధానంగా ఆకు, ఎండు పుల్లలు. టెక్కలి వైపు, గ్రానైట్ కొండల అంచు పొలాల్లో రాళ్ళు. విజయనగరం జిల్లా ఎర్రనేలల్లో రోటవేటర్ తిప్పాక పైకి తేలిన గరిక వేళ్ళు, తుంగ. ఇక కళ్ళం చదును చేయడం, తోట బాటకు తోలించిన గ్రావెల్ పరచడం, ఇంటి స్థలం సరిచేయడం అన్ని ఊళ్ళలోనూ ఉండే పనులే.

దీనితో కాని పనులు కూడా తెలుసుకోవాలి. గట్టి నేలను ఇది దున్నదు. అలాంటిచోట ముందు గొర్రు వేసి, తర్వాతే రేక్ తిప్పాలి. కొబ్బరికాయంత రాయి వరకు పోగు చేస్తుంది, అంతకన్నా పెద్ద రాయి పాతుకుని ఉంటే పన్ను ఇరుగుతుంది. కొబ్బరి మట్టలకు కూడా ఇది పనికిరాదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తర్వాత మా తోటలో పడిన కొమ్మలు, మట్టలు దీనితోనే లాగేద్దామని నేను ఆశపడ్డాను. మట్టలు పళ్ళకు చుట్టుకుని, ప్రతి పది గజాలకూ దిగి లాగాల్సి వచ్చింది. పెద్దవి మనుషులే మోసి తీశాక, మిగిలిన పుల్లలకూ ఆకుకూ మాత్రం రేక్ చక్కగా పనిచేసింది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. తోట అడుగంతా అద్దంలా తుడిచేయకండి. మన ఇసుక నేలకు ఆ ఆకే దుప్పటి. తేమ పట్టి ఉంచేది, కుళ్ళి ఎరువయ్యేది అదే. పిక్క పడే చోటు శుభ్రం చేసి, ఆ ఆకును చెట్ల వరుసల మధ్య కందకంలోనో, తోట మూల కంపోస్టు గుంతలోనో వేయండి. చెట్ల కింద పోగుపెట్టి నిప్పు పెట్టే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. పోగుపడిన ఆకు మంట కింది కొమ్మల్ని మాడ్చేస్తుంది.

ఎంత విస్తీర్ణానికి రేక్ కొనడం గిట్టుబాటవుతుంది? లెక్క ఇలా వేయండి. గంటకు 4 కిలోమీటర్ల వేగం, 1.2 మీటర్ల పని వెడల్పు అనుకుంటే గంటకు 4,800 చదరపు మీటర్లు, అంటే దాదాపు 1.2 ఎకరాలు. మలుపులు, చెట్ల చుట్టూ తిరగడం, పోగు వదలడం కలిపితే అందులో 70 శాతమే చేతికొస్తుందనుకోండి, గంటకు సుమారు 80 సెంట్లు. అదే పనికి మీ ఊళ్ళో ఎంతమంది కూలీలు, ఎన్ని రోజులు పడుతుందో మీకే తెలుసు. ఎకరం లోపు తోటకైతే సొంతంగా కొనవద్దనే నా సలహా. నలుగురు పక్కపక్క తోటలవాళ్ళు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. ఏడాదిలో దీనికి గట్టిగా పనిపడేది కొద్ది వారాలే.

రెండో అడుగు: ట్రాక్టర్ కొలతలు కాగితం మీద రాయండి

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. టేపు, వీలైతే వెర్నియర్ కాలిపర్ తీసుకుని ట్రాక్టర్ వెనక కూర్చోండి. ఐదు కొలతలు కావాలి.

మొదటిది, కింది లింకుల చివర గుండ్రటి బాల్‌లో రంధ్రం వ్యాసం. రెండోది, టాప్ లింక్ పిన్ మందం. మూడోది, కింది రెండు లింకులు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నప్పుడు వాటి మధ్య దూరం. త్రీ పాయింట్ లింకేజ్‌కు అంతర్జాతీయంగా కేటగిరీలున్నాయి. కేటగిరీ 1 అయితే కింది పిన్నులు 22 మి.మీ., పై పిన్ 19 మి.మీ., కింది పిన్నుల మధ్య సుమారు 683 మి.మీ. కేటగిరీ 2 అయితే కింది పిన్నులు 28 మి.మీ., పై పిన్ దాదాపు 25 మి.మీ., మధ్య దూరం సుమారు 825 మి.మీ. చిన్న ట్రాక్టర్లకు కేటగిరీ 1 లేదా దానికన్నా ఇరుకైన 1ఎన్ ఉంటుంది. 1ఎన్‌లో పిన్నుల మందం కేటగిరీ 1దే, దూరం మాత్రం సుమారు 400 మి.మీ.

ఇది ఎందుకింత ముఖ్యమంటే, మన పల్లెల్లో ఎక్కువగా తిరిగేవి 40, 50 హెచ్‌పీ ట్రాక్టర్లు. వర్క్‌షాపు వాళ్ళ చేతికి అలవాటైనవి వాటి కొలతలే. మా పక్క తోట అన్నయ్య నోటిమాటగా ‘చిన్న ట్రాక్టర్‌కు రేక్’ అని చెప్పి వచ్చారు. తయారైంది పెద్ద ట్రాక్టర్ కొలతలతో. పిన్నులు కోసి, బ్రాకెట్లు మళ్ళీ వెల్డింగ్ చేయించడానికి వారం పట్టింది, డబ్బు అదనం. రంధ్రం పెద్దదై పిన్ సన్నదైతే బుష్ వేసి సరిపెట్టవచ్చు. లింకుల మధ్య దూరం తప్పితే మాత్రం బుష్‌తో సరికాదు.

నాలుగో కొలత, వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు వెడల్పు. ఐదోది కొలిచేది కాదు, ట్రాక్టర్ పుస్తకంలో చూసేది: హైడ్రాలిక్ లిఫ్ట్ సామర్థ్యం. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717, వీఎస్‌టీ శక్తి ఎంటీ 180డీ, కుబోటా నియోస్టార్ లాంటి చిన్న ట్రాక్టర్లలో ఇది స్థూలంగా 500 నుంచి 800 కిలోల మధ్య ఉంటుంది. నాలుగైదు అడుగుల రేక్ బరువు మామూలుగా 80 నుంచి 150 కిలోల లోపే. కాబట్టి ఎత్తడంలో ఇబ్బంది రాదు. చూసుకోవాల్సింది ట్రాక్టర్ ముందుభాగం. బరువు వెనక్కి ఎంత దూరంగా వేలాడితే ముందు చక్రాలు అంత తేలికవుతాయి. రేక్ పైకెత్తి ఉన్నప్పుడు ముందు ఇరుసు మీద ట్రాక్టర్ ఖాళీ బరువులో కనీసం 20 శాతం ఉండాలన్నది పాటించాల్సిన నియమం. అనుమానంగా ఉంటే వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు మాత్రమే పెట్టి తూయించండి. తక్కువొస్తే ముందు బరువులు తగిలించండి.

మూడో అడుగు: వెడల్పు

ఒక్కటే సూత్రం. రేక్‌ను పక్కకు కోణంలో తిప్పినప్పుడు కూడా రెండు వెనక టైర్ల జాడలను అది కప్పాలి. కోణంలో తిప్పితే పని వెడల్పు తగ్గుతుంది. 4 అడుగుల రేక్ నేరుగా ఉంటే 122 సెం.మీ., 30 డిగ్రీలు తిప్పితే దాదాపు 106. 5 అడుగులది 152 నుంచి 132కు తగ్గుతుంది. 6 అడుగులది 183 నుంచి 158కి.

మా ట్రాక్టర్ టైర్ల బయటి వెడల్పు 112 సెం.మీ. 4 అడుగుల రేక్ అయితే కోణంలో 6 సెం.మీ. తక్కువ పడుతుంది, ఒక పక్క టైరు జాడ మిగిలిపోతుంది. అందుకే 5 అడుగులు తీసుకున్నాను. మీ ట్రాక్టర్ మీటరు వెడల్పుదైతే 4 అడుగులది హాయిగా సరిపోతుంది, డబ్బు మిగులుతుంది. 20 హెచ్‌పీ లోపు ట్రాక్టర్‌కు 6 అడుగులది వద్దు. లాగలేక కాదు, జీడికొమ్మలు నేలను తాకుతూ ఉండే తోటలో అంత వెడల్పుతో తిరగలేం. పైగా ప్రతి అడుగుకూ పళ్ళు పెరుగుతాయి, పళ్ళే అన్నిటికన్నా ఖరీదు.

నాలుగో అడుగు: పళ్ళు, అసలు సంగతి ఇక్కడే

నా మొదటి రేక్ ఆన్‌లైన్‌లో కొన్నది. ఎర్ర రంగు, నిగనిగ. పళ్ళన్నీ బీమ్‌కు నేరుగా వెల్డింగ్ చేసి ఉన్నాయి. అప్పుడు నాకది బలంగా అనిపించింది. మొదటి సీజన్ చివర్లో ఒక వేరుకు తగిలి రెండు పళ్ళు వంగాయి. వేడి చేయించి సరిచేశాను. రెండో ఏడాది ఒకే రోజు నాలుగు పళ్ళు వెల్డింగ్ పక్కనే పుటుక్కున విరిగాయి. మళ్ళీ వెల్డ్ చేయిస్తే, వెల్డ్ చేసిన చోటు పక్కనే మళ్ళీ విరిగాయి. పిక్క రాలే రోజుల్లో ఆ టెన్షన్ పడ్డవాడికే తెలుస్తుంది.

కారణం తర్వాత అర్థమైంది. రేక్ పన్ను స్ప్రింగ్ స్టీల్‌తో ఉండాలి. వేరు తగిలితే వెనక్కి వంగి, దాటాక మళ్ళీ పాత చోటుకు రావాలి. ఆ గుణం ఉక్కును వేడిచేసి, నూనెలో చల్లార్చి, మళ్ళీ కొద్దిగా వేడిచేసి పదును, అంటే ఉక్కు గట్టిదనం, సరిచేయడం వల్ల వస్తుంది. దాని మీద వెల్డింగ్ పెడితే ఆ పక్క భాగం గట్టిపడి పెళుసవుతుంది, అక్కడే విరుగుతుంది. మామూలు మెత్తని ఉక్కు (ఎంఎస్) పట్టీతో చేస్తే వెల్డింగ్ నిలుస్తుంది గానీ పన్ను వంగి అలాగే ఉండిపోతుంది. కాబట్టి వెల్డ్ చేసిన పళ్ళు కనబడితే ఉక్కు ఏదైనా సరే, ఆ రేక్ వదిలేయండి. పళ్ళు బోల్టులతో బిగించి ఉండాలి. ఒక పన్ను పోతే పది నిమిషాల్లో మార్చుకోగలగాలి.

కొనేచోట ఉక్కు ఎలా పరీక్షించాలి? అమ్మేవాడిని అడిగి, మూడడుగుల పైపు ఒకటి పంటి కొనకు తొడగండి. మెల్లగా రెండంగుళాలు వెనక్కి లాగి వదలండి. సరిగ్గా పాత చోటుకు వస్తే స్ప్రింగ్ స్టీల్. వంగి ఉండిపోతే ఎంఎస్. విడి పన్ను ఉంటే గ్రైండర్ నిప్పురవ్వలు చూసినా తెలుస్తుంది. ఎంఎస్‌కు పొడవాటి గీతల్లా రవ్వలు వస్తాయి, కార్బన్ ఎక్కువున్న ఉక్కుకు రవ్వల చివర నక్షత్రాల్లా పగులుతాయి. లాగి చూడనివ్వనంటే ఆ రేక్ కొనకండి.

మందం విషయానికొస్తే, ఆకుకు, ఇసుక నేలకు 25 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం చాలు. రాళ్ళకు 8 మి.మీ. తీసుకోండి. పళ్ళ మధ్య ఎడం కూడా పనిని బట్టే. పన్ను నుంచి పంటికి 2 అంగుళాలు ఉంటే 5 అడుగుల రేక్‌కు సుమారు 30 పళ్ళు పడతాయి, 3 అంగుళాలు ఉంటే 20. ఆకు, గరిక వేళ్ళు, సన్న రాళ్ళు తీయాలంటే దగ్గర పళ్ళు కావాలి. పుల్లలు, పెద్ద రాళ్ళకైతే దూరం పళ్ళే మేలు, ఇరుక్కోవు, ధర కూడా తగ్గుతుంది. మధ్యే మార్గం ఒకటుంది. బీమ్‌కు 2 అంగుళాలకొక రంధ్రం వేయించి, మొదట ఒకటి విడిచి ఒకటి పళ్ళు బిగించండి. తర్వాత డబ్బు చేతిలో ఉన్నప్పుడు మిగతా పళ్ళు కొనుక్కోండి.

బోల్టుల తలమీద 8.8 అని ముద్ర ఉందో లేదో చూడండి. ముద్ర లేనివి మెత్తటివి. నట్లు లోపల నైలాన్ రింగుండే నైలాక్‌వి ఉండాలి, లేదా స్ప్రింగ్ వాషర్ ఉండాలి. పంటికి ఒకే బోల్టు ఉంటే, పన్ను పక్కకు తిరగకుండా గాడిలోనో, రెండు యాంగిల్స్ మధ్యనో కూర్చోవాలి.

ఐదో అడుగు: బీమ్, కోణం, చక్రాలు

బీమ్ చదరపు పైపుదైతే మంచిది. 75 × 75 మి.మీ., 6 మి.మీ. మందం ఉన్న పైపు చిన్న ట్రాక్టర్‌కు ధారాళంగా సరిపోతుంది. మీటరుకు సుమారు 12.5 కిలోలు తూగుతుంది, 5 అడుగులకు 19 కిలోలు. 3 మి.మీ. పైపు వాడి రంగు వేస్తే కంటికి తేడా తెలియదు, కాబట్టి పైపు తెరిచి ఉన్న చివర మందం కొలవండి. రెండు చివర్లూ మూసేసి ఉంటే బరువు తూయించండి.

కోణం మార్చే వీలు తప్పక ఉండాలి. నేరుగా లాగితే ఆకు రేక్ ముందే పోగవుతుంది, నిండగానే ఎత్తి వదలాలి. 15 నుంచి 30 డిగ్రీలు తిప్పితే ఆకు ఒక పక్కకు జారుతూ వరుసగా పడుతుంది, తోటలో ఎక్కువ పని ఇలాగే. మధ్య పిన్ దగ్గర గ్రీజు నిపుల్ ఉండాలి. బీమ్ చివర పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూడండి. కొత్తదాంట్లోనే వేలు మందం ఆట (వదులు) ఉంటే రెండేళ్ళకు అది గజగజలాడుతుంది. పూర్తిగా వెనక్కి తిరిగే రకం ఉంటే గ్రావెల్ నెట్టడానికి పనికొస్తుంది. తోట పనికి మాత్రం అవసరం లేదు, దానికోసం డబ్బు పెట్టకండి.

వెనక చక్రాలు చాలామంది అడిగే సంగతి. ట్రాక్టర్ ముందు చక్రం చిన్న గట్టు ఎక్కితే వెనకున్న రేక్ నేలలోకి దిగుతుంది, గట్టు దిగితే పైకి లేస్తుంది. చక్రాలుంటే ఆ ఎగుడుదిగుడు తగ్గి, పళ్ళు ఒకే లోతులో ఉంటాయి. మన ఇసుక నేలల్లో పళ్ళు తొందరగా దిగిపోతాయి, జీడి, కొబ్బరి చెట్ల మేత వేళ్ళు పైపైనే ఉంటాయి, కాబట్టి చక్రాలుంటే మంచిదే. ఖర్చు తగ్గించుకోవాలంటే ఒక ఉపాయం ఉంది. కింది లింకుల నుంచి ట్రాక్టర్ టాప్ లింక్ బ్రాకెట్‌కు రెండు పక్కలా గట్టి గొలుసులు కట్టండి. రేక్ ఆ గొలుసు పొడవు దాటి కిందికి దిగదు. నేను రెండేళ్ళు ఇలాగే నడిపాను, తర్వాత చక్రాలు పెట్టించాను. బీమ్‌కు చక్రాల బ్రాకెట్లు మాత్రం మొదట్లోనే వేయించుకోండి.

ఆరో అడుగు: ఎక్కడ కొనాలి, ఎలా బేరమాడాలి

మూడు దారులున్నాయి. రాజ్‌కోట్, లూధియానా లాంటి చోట్ల తయారయ్యేవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ధర పక్కన రవాణా ఖర్చు కూడా కలిపి చూడండి. ఇంత బరువున్న వస్తువు ఇంటి ముందు దింపరు, లారీ ఆఫీసు నుంచి మనమే తెచ్చుకోవాలి. ఆర్డర్‌కు ముందు ఒకే ప్రశ్న అడగండి: విడి పళ్ళు విడిగా అమ్ముతారా? లేదంటే ఆ పన్ను కొలతలు, రంధ్రాల దూరం రాసి పంపమనండి.

రెండోది, నేను ఇష్టపడేది: పళ్ళు తయారైనవి కొని, బీమ్, బ్రాకెట్లు దగ్గరి వర్క్‌షాపులో చేయించుకోవడం. పలాస, టెక్కలి, నరసన్నపేట, బొబ్బిలి, రాజాం, విజయనగరం ఏ వైపు వాళ్ళకైనా గేట్లు, ట్రక్కులు చేసే వర్క్‌షాపు దగ్గర్లోనే ఉంటుంది. మీ ఐదు కొలతల కాగితం, పన్ను ఒకటి చేతిలో పెట్టి మాట్లాడండి. సాధారణంగా కిలో లెక్కన చెబుతారు. అంటే బరువు పెరిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది, అవసరం లేని చోట మందం పెంచి మంచి చేశామంటారు. ఏ భాగం ఎంత మందమో ముందే రాయించుకోండి.

లారీ కమాన్ కట్టల ఉక్కుతో పళ్ళు చేయించుకోవచ్చా అని చాలామంది అడిగారు. ఉక్కు మంచిదే. కానీ గ్యాస్‌తో కోస్తే, కొలిమిలో కాల్చి వంచి గాలికి వదిలేస్తే ఆ పదును పోతుంది. నూనెలో చల్లార్చి, తిరిగి పదును సరిచేయడం తెలిసిన కమ్మరి మీ ఊళ్ళో ఉంటేనే అటు వెళ్ళండి. అప్పుడు కూడా పైపుతో లాగి చూసే పరీక్ష ప్రతి పంటికీ చేయండి.

మూడోది పాతది కొనడం. బీమ్ పొడవునా నూలుదారం లాగి పట్టుకుంటే వంపు ఉందో లేదో తెలుస్తుంది. పళ్ళు అరిగినా ఫర్వాలేదు, మార్చుకోవచ్చు. బీమ్ వంగినా, తగిలించే బ్రాకెట్లు పగిలి వెల్డ్ చేసి ఉన్నా వదిలేయండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. నేల తయారీకి వాడే వ్యవసాయ యంత్రాలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే. బిల్లులో వస్తువును వ్యవసాయ పనిముట్టుగా రాశారో లేదో చూడండి. సబ్సిడీ ఆశ ఉంటే కొనకముందే రైతు సేవా కేంద్రంలో అడగాలి, కొన్నాక అడిగి లాభం లేదు. పరీక్షకు నిలిచి ఆమోదిత జాబితాలో ఉన్న యంత్రాలకే సబ్సిడీ వర్తిస్తుంది. మన రాష్ట్రంలో అలాంటి పరీక్షా కేంద్రం అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. ఊరి వర్క్‌షాపులో చేయించుకున్నదానికి సబ్సిడీ రాదనే లెక్కతోనే ముందుకెళ్ళండి.

ఏడో అడుగు: తగిలించి సరిచేయడం, మొదటి రోజు

సిమెంటు కళ్ళం లాంటి చదునైన చోట తగిలించండి. కింది లింకును పైనుంచి పట్టి ఎత్తే కుడి లిఫ్ట్ రాడ్ తిప్పి రెండు చివర్లూ ఒకే ఎత్తుకు తెండి. కింది లింకులు పక్కలకు ఊగకుండా చెక్ చైన్లు బిగించండి, కొద్దిగా ఆట మాత్రం ఉంచండి. పిన్నులు జారిపోకుండా ఆపే లించ్ పిన్నులు మూడూ పెట్టారా అని చేత్తో తాకి చూసుకోండి.

తర్వాత టాప్ లింక్. పళ్ళ కొనలు ముందుకు తిరిగి ఉంటాయి కాబట్టి, మామూలుగా టాప్ లింక్ పొట్టి చేస్తే కొనలు నేలలోకి గుచ్చుకుంటాయి, పొడవు చేస్తే పైపైన జారుతూ పోతాయి. ఆకు పనికి పొడవుగా పెట్టి మొదలుపెట్టండి. ఒక్కో చుట్టు తిప్పుతూ, పది గజాలు లాగి, దిగి చూడండి. ఆకు వస్తూ మట్టి రాకపోతే అదే సరైన చోటు, అక్కడ లింక్ మీద రంగుతో గుర్తు పెట్టుకోండి. హైడ్రాలిక్‌ను పొజిషన్ కంట్రోల్‌లో, అంటే పెట్టిన ఎత్తులోనే నిలిపే పద్ధతిలో, వాడండి. డ్రాఫ్ట్ కంట్రోల్‌లో ఉంటే కాస్త బరువు తగలగానే రేక్ తనంతట తానే లేస్తుంది.

గంటకు మూడు నుంచి ఐదు కిలోమీటర్లు మించకండి. మలుపులో ఎత్తండి. పళ్ళు నేలలో ఉండగా ఎప్పుడూ రివర్స్ చేయకండి, మంచి స్ప్రింగ్ స్టీల్ అయినా వెనక్కి నెట్టితే వంగుతుంది. చెట్టు మొదలుకు దగ్గరగా వెళ్ళకండి. కొబ్బరికి చుట్టూ ఆరడుగుల పాదు వదిలి తిప్పండి, మిగిలింది చేత్తో తీయించండి.

ఎప్పుడు చేయాలన్నదీ ముఖ్యమే. అక్టోబర్, నవంబర్ తుపాన్ల వానలు తగ్గి, నేల పైపొర ఆరాక, పూత బాగా రాకముందు, అంటే డిసెంబర్‌లో ఒకసారి తిప్పండి. పూత మీద ట్రాక్టర్ తిరిగితే కింది కొమ్మల పూత రాలిపోతుంది. పిక్క పడడం మొదలయ్యాక మాత్రం రేక్ పెట్టొద్దు, ఆకుతో పాటు పిక్కలూ పోగులోకి పోతాయి. ఇంకొకటి, మన ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయన్నది అందరికీ తెలిసిందే. చలికాలం పొగమంచులో తెల్లారకముందే ఒంటరిగా పని మొదలుపెట్టకండి. వెలుగొచ్చాక ఇద్దరు వెళ్ళండి. కొమ్మలు నేలకు వంగిన వరుసల్లోకి వెళ్ళేముందు నడిచి చూసి, ముఖానికి తగిలే కొమ్మలు కత్తిరించండి. మా తోటలో ట్రాక్టర్ మీద కూర్చున్నవాడికి దెబ్బలు తగిలింది చాలావరకు కొమ్మల వల్లే.

పళ్ళలో చిక్కుకున్నది తీయాలంటే రేక్ కిందికి దించి, ఇంజిన్ ఆపి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. మొదటి రోజు గంట తిప్పాక ఆపి, బోల్టులన్నీ మళ్ళీ బిగించండి. కొత్త బోల్టులు ఆ గంటలోనే వదులవుతాయి. సీజన్ అయ్యాక మట్టి కడిగి, పాత ఇంజిన్ ఆయిల్ పూసి, పళ్ళు నేలకు తగలకుండా రెండు దుంగల మీద పెట్టండి. సముద్రపు గాలికి మన దగ్గర తుప్పు తొందరగా పడుతుంది. కొన్న రోజే ఐదు విడి పళ్ళు, పది బోల్టులు కూడా కొని, ఒక గోనెసంచిలో కట్టి ట్రాక్టర్ షెడ్డులో తగిలించండి. మార్చిలో పన్ను విరిగితే పలాస పరుగెత్తక్కర్లేదు.